నకిలీ పేజీ ఉంది, అసలు పేజీ పోయింది: ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది రాయగడ జిల్లాలో వంశధార ఒడ్డున ఒక చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. ఒడిశా ప్రభుత్వ మిషన్ శక్తి పథకం కింద మేం కొందరు ఆడవాళ్లం సంఘంగా ఏర్పడి జీడిపప్పు, పిక్క తీసిన చింతపండు, రాగి లడ్డూలు అమ్ముతున్నాం. ఆర్డర్లన్నీ సోషల్ మీడియా పేజీ మీదే వస్తాయి. పలాస, పర్లాకిమిడి, బరంపురం, వైజాగ్ దాకా కొనేవాళ్లు ఉన్నారు. ఈమధ్య ఎవరో నా ఫొటో, మా సంఘం పేరు పెట్టి ఫేక్ ఐడీ తెరిచి, తమ క్యూఆర్ కోడ్ పెట్టి అడ్వాన్సులు వసూలు చేశారు. నేను రిపోర్ట్ కొడితే 'మా నియమాలకు విరుద్ధంగా ఏమీ లేదు' అని జవాబు వచ్చింది. జనాన్ని హెచ్చరిద్దామని ఆ ఫేక్ ఐడీ స్క్రీన్‌షాట్ మా పేజీలో పెట్టాను. మర్నాడు చూస్తే మా పేజీనే తీసేశారు! అప్పీల్ చేస్తే నిమిషాల్లో 'పరిశీలించాం, నిర్ణయంలో మార్పు లేదు' అన్నారు. అసలు మనిషెవరైనా చదివారో లేదో. స్టేషన్‌కి వెళ్తే 'డబ్బు పోయినవాళ్లు ఆంధ్రావాళ్లు, అక్కడే ఇచ్చుకోండి' అంటారని ఇంట్లోవాళ్లు వెళ్లనివ్వడం లేదు. మా మరిది 'యాప్ వాళ్లది, ఉంచితే ఉంచుతారు, తీస్తే తీస్తారు' అంటాడు. మా మామగారేమో ఈ కంపెనీలన్నిటినీ గవర్నమెంటు చేతిలో పెట్టేస్తే సరి అంటారు. ఇది మానవ హక్కుల కిందకి వస్తుందని ఒక మీటింగులో విన్నాను. నిజమేనా? ఈ కంపెనీల మీద స్వతంత్రంగా నిఘా పెట్టే సంస్థ ఏదైనా ఉందా? నేను ముందు ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, రాయగడ జిల్లా

జవాబు:

అమ్మా, మీ చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. హక్కుల సంగతి ఎప్పుడైనా మాట్లాడుకోవచ్చు, డబ్బు సంగతి ఆలస్యమైతే చేతికి రాదు.

మీ పేరు చూసి అడ్వాన్సు పంపినవాళ్లలో మీకు తెలిసినవాళ్లందరికీ ఇవాళే ఫోన్ చేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయమనండి. ఏ రాష్ట్రంలో ఉన్నా అదే నంబరు. డబ్బు ఇంకా బ్యాంకు ఖాతాల్లోనే తిరుగుతుంటే దాన్ని ఆపించే ఏర్పాటు అక్కడ ఉంది. గంటలు గడిచేకొద్దీ ఆ వీలు తగ్గిపోతుంది. ఆలస్యమైపోయిందనుకున్నవాళ్లయినా ఫిర్యాదు చేసి నంబరు తీసుకోవాలి, తర్వాత ప్రతిచోటా ఆ నంబరే అడుగుతారు. డబ్బు పోగొట్టుకున్నది వాళ్లు కాబట్టి ఆ ఫిర్యాదు వాళ్లే ఇవ్వాలి. మీ ఫిర్యాదు వేరు: మీ ఫొటో, మీ పేరు దొంగిలించి మీలా నటించి మోసం చేశారని. ఐటీ చట్టంలో 66సి, 66డి సెక్షన్లు ఇలాంటి నేరాలకే ఉన్నాయి. ఒక్కోదానికి మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా.

స్టేషన్‌లో హద్దుల పేచీ వస్తుందన్న భయం వదిలెయ్యండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఏ పరిధిలో జరిగినా సమాచారం ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు. జీరో ఎఫ్ఐఆర్ అంటారే, అది. ఆన్‌లైన్‌లో పంపి మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టే వీలు కూడా అదే సెక్షన్లో ఉంది. పుట్టిల్లు ఆ పక్క, రేషన్ కార్డు ఈ పక్క ఉండే మనలాంటి సరిహద్దు మనుషులు ఈ సెక్షన్ నంబరు నోటికి పెట్టుకోవాలి. మోసగాడికి బోర్డర్ ఎప్పుడూ అడ్డం కాలేదు, ఫిర్యాదుకి మాత్రం ఎందుకు కావాలి?

ఇక కంపెనీ సంగతి. మీరు చేసింది యాప్‌లో రిపోర్ట్ కొట్టడం, యాప్‌లోనే అప్పీల్ చేయడం. ఆ రెండూ కంపెనీ సొంత ఏర్పాట్లు, వాటిల్లో చాలా భాగం యంత్రాలే చూస్తాయి. చట్టం చెప్పిన ఫిర్యాదు ఇంకొకటి ఉంది, చాలామందికి అది తెలియక మీరు ఆగిన చోటే ఆగిపోతున్నారు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం మన దేశంలో 50 లక్షలకు మించి వాడకందారులున్న ప్రతి సోషల్ మీడియా కంపెనీ ఇక్కడే నివసించే గ్రీవెన్స్ ఆఫీసర్‌ని పెట్టాలి, ఆ పేరు, చిరునామా వెబ్‌సైట్‌లో కనబడేలా ఉంచాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలని, 15 రోజుల్లో తేల్చాలని 2021లో రాశారు. ఎవరైనా మన ఫొటోతో మనలా నటిస్తున్నారని బాధితులే ఫిర్యాదు చేస్తే 24 గంటల్లోనే తీసేసే చర్యలు తీసుకోవాలని కూడా అప్పుడే రాశారు. (ఈ నిబంధనలకు సవరణలు వస్తూనే ఉంటాయి, కాబట్టి మీరు రాసే రోజున అమల్లో ఉన్న గడువు చూసుకుని రాయండి.)

రెండు ఫిర్యాదులూ కలిపి ఒకే ఉత్తరంలో రాయకండి. ఫేక్ ఐడీ మీద ఒకటి, మీ పేజీ తీసేసినందుకు ఒకటి. రెండో దానిలో నాలుగో నిబంధనలోని 8వ ఉపనిబంధనను పేరు పెట్టి అడగండి. పెద్ద కంపెనీ తనంతట తాను ఒకరి పోస్టు తీసేస్తే, తీసే ముందు కారణం చెప్పాలని, వాదించుకునే అవకాశం ఇవ్వాలని అందులో ఉంది. మీకు ఏ కారణం చెప్పారు? ఏ నియమం తప్పారన్నారు? మనిషి చూశాడా, యంత్రమే తేల్చిందా? ఈ మూడూ అడగండి. నా ఊహ ఏమిటంటే, మీ హెచ్చరిక పోస్టులో ఆ మోసగాడి క్యూఆర్ కోడ్ కూడా ఉంది కదా, యంత్రానికి మీరే ఆ కోడ్ ప్రచారం చేస్తున్నట్టు కనబడి ఉంటుంది. ఊహే, రుజువు లేదు. అందుకే కారణం రాతపూర్వకంగా రప్పించుకోవాలి.

ఫిర్యాదు తెలుగులో రాయొచ్చా అని మీరు అడగలేదు గానీ, అడగాల్సిన ప్రశ్నే. 2022 అక్టోబరు సవరణ తర్వాత కంపెనీలు తమ నియమాలను ఇంగ్లీషులోగానీ, రాజ్యాంగం 8వ షెడ్యూల్లోని భాషల్లో వాడకందారు ఎంచుకున్న దాంట్లోగానీ ఇవ్వాలి. తెలుగు, ఒడియా రెండూ ఆ షెడ్యూల్లో ఉన్నాయి. మీ సంఘంలో సవర అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్ల భాష లేదు, కొంధుల భాష కుయి కూడా లేదు. మన జిల్లాల్లో సగం కొండలు ఆ లెక్కలోకే రాలేదన్నమాట. ప్రభుత్వ అధికారులకు రాసేటప్పుడు మాత్రం దేశంలోగానీ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది. ఆచరణలో పని త్వరగా కదలాలంటే తెలుగు ప్రతికి ఒక ఇంగ్లీషు ప్రతి జోడించండి. రాయడానికి మనిషి దొరక్కపోతే రాయగడ జిల్లా న్యాయసేవల సంస్థకు వెళ్లండి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలి. వాళ్ల హెల్ప్‌లైన్ 15100.

గ్రీవెన్స్ ఆఫీసర్ జవాబు నచ్చకపోయినా, అసలు కదలకపోయినా కేంద్రం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్లొచ్చు. 2023 జనవరిలో ఇలాంటివి మూడు కమిటీలు వేశారు, మార్చి 1 నుంచి ఆన్‌లైన్‌లో అప్పీళ్లు తీసుకుంటున్నారు. ఆఫీసర్ జవాబు అందిన 30 రోజుల్లోగా వెయ్యాలి. కమిటీ కూడా 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. ఢిల్లీ వెళ్లక్కర్లేదు, అంతా ఆన్‌లైనే. దాని ఆదేశాన్ని కంపెనీ పాటించాలి, పాటించకపోతే ఐటీ చట్టం 79వ సెక్షన్ ఇచ్చే రక్షణ, అంటే జనం పెట్టిన పోస్టులకు తాను బాధ్యురాలు కాదని చెప్పుకునే వీలు, ప్రమాదంలో పడుతుంది. మీ చేతిలో ఉన్న వాటిలో కంపెనీ మెడలు వంచగల దారి, కోర్టు ఖర్చు లేనిది, ఇదొక్కటే. వాడుకోండి.

కానీ మీరు 'స్వతంత్ర సంస్థ' అని అడిగారు. ఈ కమిటీలను నేను ఆ పేరుతో పిలవలేను. ప్రతి కమిటీలో ముగ్గురు, ముగ్గురినీ నియమించేది కేంద్రమే. అందులో ఇద్దరు స్వతంత్ర సభ్యులని నిబంధన చెబుతుంది, అధ్యక్ష స్థానాల్లో మాత్రం హోంశాఖ సైబర్ విభాగం, సమాచార ప్రసార శాఖ, ఐటీ శాఖల అధికారులే కూర్చున్నారు. ఫేక్ ఐడీ గొడవకి దీంతో ఇబ్బంది లేదు, మీ రాగి లడ్డూల మీద కేంద్రానికి పగేమీ లేదు. రేపు మీ ఊరి భూమి తీసుకోవడం గురించో, ఆసుపత్రిలో డాక్టరు లేకపోవడం గురించో మీరు పెట్టిన పోస్టును తీసేస్తే? అప్పుడు అప్పీలు వినేవాళ్లను నియమించిందీ, ఆ పోస్టు వల్ల ఇబ్బంది పడేదీ ఒకరే కావచ్చు.

మామగారికి ఈ మాటే చెప్పండి. ఆయన కోపం న్యాయమైనదే. అయితే కేంద్రం తన పనుల గురించి వచ్చే వార్తల్లో ఏది తప్పుడుదో తానే తేల్చే ఫ్యాక్ట్ చెక్ యూనిట్ పెట్టుకోవాలని 2023లో నిబంధన తెచ్చింది. బొంబాయి హైకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పగా, మూడో జడ్జి అభిప్రాయంతో 2024 సెప్టెంబరులో అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. 2021లో పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ ఆరోపణలు వచ్చినప్పుడు సుప్రీంకోర్టు విచారణను ప్రభుత్వానికి వదలకుండా రిటైర్డ్ జడ్జి ఆర్.వి. రవీంద్రన్ పర్యవేక్షణలో సాంకేతిక కమిటీ వేసింది. ప్రభుత్వం సహకరించలేదని ఆ కమిటీ చెప్పినట్టు 2022 ఆగస్టులో కోర్టులోనే బయటపడింది. కంపెనీ మీద నిఘా కావాలి, ఆ నిఘా పెట్టేవాళ్లకు ప్రభుత్వం నుంచి కూడా దూరం కావాలి. ఈ రెండో సగం మామగారి లెక్కలో లేదు.

మరిది మాట కూడా నిలవదు. యాప్ వాళ్లదే, కాదనం. 2020 జనవరిలో అనూరాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు ఇంటర్నెట్ ద్వారా మాట్లాడే స్వేచ్ఛకీ, ఇంటర్నెట్ ద్వారా వ్యాపారం చేసుకునే స్వేచ్ఛకీ రాజ్యాంగం 19వ అధికరణం రక్షణ ఉందని చెప్పింది. 2017లో పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అంది. ఆ కేసులు ప్రభుత్వం మీద వేసినవి, నిజమే. కానీ 2011లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ఆమోదించిన మార్గదర్శక సూత్రాలు కంపెనీలకూ వర్తిస్తాయి. జాన్ రగ్గీ అనే ప్రొఫెసర్ ఆధ్వర్యంలో తయారైన ఆ సూత్రాల సారం ఇది: హక్కులను కాపాడే పూచీ ప్రభుత్వానిది, హక్కులకు హాని చేయకుండా నడుచుకునే బాధ్యత కంపెనీది, హాని జరిగినవాళ్లకు పరిహారం దొరికే దారి ఉండాలి. మీ విషయంలో మూడోది తెగిపోయింది. కాబట్టి మీటింగులో విన్నది నిజమే, ఇది మానవ హక్కుల విషయమే.

అయితే ఒక చిక్కు. 1993 చట్టం కింద ఏర్పడిన జాతీయ మానవ హక్కుల కమిషన్‌గానీ, ఒడిశా మానవ హక్కుల కమిషన్‌గానీ చూసేది ప్రభుత్వోద్యోగుల వల్ల జరిగిన ఉల్లంఘనలు, వాళ్ల నిర్లక్ష్యం. ప్రైవేటు కంపెనీ మీద నేరుగా ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు ఆ చట్టంలో లేదు. ఎఫ్ఐఆర్ తీసుకోవడానికి ఎవరైనా నిరాకరిస్తే అప్పుడు వెళ్లొచ్చు, అదీ ఏడాదిలోగా. మానవ హక్కులంటే అక్కడికే పరిగెత్తమని సలహా ఇచ్చేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

కంపెనీలు తమంతట తాము పెట్టుకున్న నిఘా సంస్థ ఒకటుంది, మీ యాప్ మెటా కంపెనీదైతే పనికొస్తుంది. దాని పేరు ఓవర్‌సైట్ బోర్డు. 2020లో పని మొదలుపెట్టింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, థ్రెడ్స్ పోస్టులు చూస్తుంది, వాట్సాప్ దాని పరిధిలో లేదు. తొలి సభ్యుల్లో బెంగళూరు లా యూనివర్సిటీకి చెందిన సుధీర్ కృష్ణస్వామి ఒకరు. ఒక పోస్టు ఉంచాలా తీయాలా అన్నదాని మీద బోర్డు చెప్పింది కంపెనీ చెయ్యాలి. నియమాలు మార్చమని చేసే సిఫారసులు మాత్రం కంపెనీ ఇష్టం. జీతాలు మెటా డబ్బుతో పెట్టిన ట్రస్టు నుంచి వస్తాయి, మొదట్లో పెట్టింది 13 కోట్ల డాలర్లు.

మన ఒడిశా విషయం కూడా ఆ బోర్డు ముందుకు వెళ్లింది. 2023 ఏప్రిల్లో సంబల్‌పూర్‌లో హనుమాన్ జయంతి ఊరేగింపు సమయంలో గొడవలు జరిగాయి కదా. ఆ వీడియో ఉన్న పోస్టును మెటా తీసేసింది. అది సరైన పనేనా అని మెటాయే బోర్డును అడిగింది. అప్పటి ఉద్రిక్తతలో తీసేయడం సబబేనని బోర్డు అదే ఏడాది నవంబరులో తేల్చింది. ఇంకో కేసు మనలాంటి భాషలవాళ్లకి ఇంకా ముఖ్యం. ఒక పంజాబీ పోస్టును తప్పుగా తీసేసిన కేసులో, 2021 ఏప్రిల్లో బోర్డు చూస్తే అసలు కంపెనీ నియమాలు పంజాబీలోనే లేవు. కోట్లమంది మాట్లాడే భాషలో నియమాలు రాయకుండా, నియమం తప్పావని ఎలా అంటారు? పంజాబీలోకి అనువదించమని చెప్పింది. ఇవి మంచి పనులే. కానీ 2020 అక్టోబరు నుంచి 2021 చివరిదాకా ఆ బోర్డుకు పది లక్షలకు పైగా అప్పీళ్లు వెళ్తే, తీర్పులు వచ్చింది 20. మీ యాప్‌లో ఆ అవకాశం కనిపిస్తే అప్పీల్ పెట్టండి, పది నిమిషాల పని. దాని మీద ఆశ పెట్టుకుని మిగతా దారులు వదలకండి.

నిజమైన స్వతంత్ర నిఘా ఎలా ఉండాలో మీకు తెలిసిన విషయంతోనే చెప్తాను. మీ తక్కెడకి ముద్ర వేసే తూనికల ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. అతను ఫిర్యాదు వచ్చేదాకా ఆగక్కర్లేదు, రాళ్లు తానే తీసి చూడగలడు, జీతం దుకాణదారు ఇవ్వడు. సోషల్ మీడియా కంపెనీల లోపలి యంత్రాన్ని అలా తీసి చూసే అధికారం మన దేశంలో ఏ స్వతంత్ర సంస్థకీ ఇంతవరకు లేదు. 2023 డేటా రక్షణ చట్టం కింద డేటా ప్రొటెక్షన్ బోర్డు అన్నారు, 250 కోట్ల వరకు జరిమానా వేయొచ్చు, కానీ సభ్యులను నియమించేది మళ్లీ కేంద్రమే. పైగా తాను ఎంచుకున్న ప్రభుత్వ సంస్థలను ఆ చట్టం నుంచి మినహాయించే అధికారం కూడా కేంద్రం తన దగ్గరే ఉంచుకుంది. ఐరోపాలో 2022లో చేసిన డిజిటల్ సర్వీసెస్ చట్టం అక్కడి పెద్ద కంపెనీలకు ఏటా బయటి ఆడిట్ తప్పనిసరి చేసింది, పరిశోధకులకు డేటా ఇవ్వమంది, తప్పితే ప్రపంచవ్యాప్త ఆదాయంలో 6 శాతం వరకు జరిమానా అంది. అక్కడ కూడా ఆడిటర్‌కి ఫీజు కంపెనీయే కడుతుంది, కాబట్టి అదేదో స్వర్గమని అనను. మన దగ్గర ఏం జరిగిందో చూడండి: భారతదేశంలో తన వల్ల మానవ హక్కులకు కలిగిన ప్రభావం మీద మెటా ఒక న్యాయవాదుల సంస్థతో అధ్యయనం చేయించుకుంది. 2022 జూలైలో బయటపెట్టింది సారాంశం మాత్రమే. పూర్తి నివేదిక ఇవ్వమని హక్కుల సంఘాలు అడిగాయి. ఇమ్మని ఆదేశించే అధికారం ఉన్నవాళ్లెవరూ లేకపోయారు.

అందుకని, మీ పేజీ వెనక్కి వచ్చినా రాకపోయినా, సంఘం తరఫున కోరాపుట్ ఎంపీకి ఒక అర్జీ రాయండి. ఈ కంపెనీలు ప్రతి నెలా ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఏం చేశారో నివేదిక వేయాలని 2021 నిబంధనల్లోనే ఉంది. ఆ నివేదికల్లో తెలుగు, ఒడియా ఫిర్యాదులు ఎన్ని, ఆ భాషలు చదవగల మనుషులు ఎందరున్నారు అని పార్లమెంటులో ఒక ప్రశ్న వెయ్యమనండి. ఒక్క పేజీ పోయిన ఆడమనిషి రాసిన ఉత్తరం కంటే, బ్లాకులోని సంఘాలన్నీ సంతకం పెట్టిన అర్జీని పక్కన పడేయడం కష్టం.

ఇంకొక్క విషయం, మీకు బహుశా ఇప్పటికే ఎదురయ్యే ఉంటుంది. పేజీ పోయిందని ఎక్కడ రాసినా 'తెప్పించి పెడతాం, ఇంత పంపండి' అని మెసేజీలు వస్తాయి. కంపెనీలో మావాడున్నాడంటారు, ఓటీపీ చెప్పమంటారు. ఇది రెండో మోసం. గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయడానికీ, అప్పిలేట్ కమిటీకి వెళ్లడానికీ రూపాయి ఖర్చు లేదు. అలాంటివాళ్లను బ్లాక్ చేసి, వాళ్ల నంబర్లు కూడా పోలీసు ఫిర్యాదులో చేర్చండి. ఫేక్ ఐడీ లింకు, దాని ప్రొఫైల్ స్క్రీన్‌షాట్, తేదీ కనబడేలా, ఇవాళే దాచుకోండి. వాళ్లు ఖాతా మూసేసి పారిపోతే రేపు చూపించడానికి ఏమీ మిగలదు.